పనికి వరుస, ఫలమునకు పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదన్నచో, ఆ యింట పుస్తకములు చేరినవని మాత్రమే అర్థము కాదు. అడిగినవారికి అడిగిన పుస్తకము దొరకుచు వచ్చినదని అర్థము. పుస్తకమును బీరువాలో నుంచుట సులభము. పదియేండ్ల తరువాత ఒక పాఠకుడు వచ్చి పేరు చెప్పగనే దానిని తీసి యిచ్చుట కష్టము. ఆ కష్టమును తీర్చునది బీరువా కాదు, పట్టిక. పుస్తకము బీరువాలో ఉండియు పట్టికలో లేకున్నచో, అడిగినవానికి అది లేనట్లే. నేటి కంప్యూటరు వ్యవస్థలయందును సరిగా ఇట్టి కర్తవ్యమే మరియొక రూపమున ఎదురగుచున్నది. తెరవెనుక యంత్రము చేసిన పనియొక్క ఫలితమును ఎక్కడ దాచవలెను? ఎంతకాలము దాచవలెను? అడిగినవానికి ఎట్లు చేర్చవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ఒక ఉదాహరణముతో విషయమును విశదపరచుట మేలు. ఒక గ్రంథాలయమున శిథిలమగుచున్న పాత పుస్తకమొకటి కలదనుకొనుడు. దాని 300 పుటలకును ఛాయాచిత్రములు తీసి, ఆ చిత్రములలోని అక్షరములను యంత్రముచేత చదివించి, వెదకుటకు వీలైన పాఠముగా మార్పింపవలెను. తెలుగు అక్షరములను ఇట్లు చదువగల టెస్సెరాక్ట్ వంటి ఉచిత సాధనములు నేడు కలవు. ఐనను ఒక్కొక్క పుటకు కొంతసేపు పట్టును. పుస్తకమంతటికిని చాలసేపు పట్టును. గ్రంథపాలకుడు మీట నొక్కి, పని ముగియువరకు తెర ముందు కదలక కూర్చుండుట జరుగని పని. అంతసేపు సంబంధమును తెరచియుంచుటకు సర్వరును సాధారణముగా ఒప్పుకొనదు. నడుమ సంబంధము తెగినచో పడిన శ్రమ వ్యర్థమగును.

అందుచేత నిర్మాతలు అడుగుటను, చేయుటను రెండుగా విడదీసిరి. సర్వరు అభ్యర్థనను గైకొని, దానికొక సంఖ్యనిచ్చి, పనిని వరుసలో నుంచి, "స్వీకరింపబడినది, ఇదిగో సంఖ్య" యని వెంటనే బదులు చెప్పును. ఆ వరుసకే టాస్క్ క్యూ యని పేరు. వరుసను కాపాడు మధ్యవర్తిని బ్రోకరు అందురు. వరుసనుండి పనిని తీసికొని చేయునది వర్కరు. పని ముగిసిన పిమ్మట ఫలితమును వ్రాసియుంచు తావు రిజల్ట్ బ్యాకెండు. దానిని తెలుగున ఫలితకోశము అనవచ్చును. పిండిమర యొద్ద గింజల డబ్బాను వరుసలో నుంచి యింటికి పోయి, సాయంకాలము వచ్చి పిండిని తీసికొనిపోవునట్టిదే యిదియు. కాని మర యొద్ద డబ్బాను చూచి అది ఎవరిదో గుర్తింపవచ్చును. ఇచ్చట గుర్తు ఆ సంఖ్య యొక్కటే. అది 128 బిట్లు గల సంఖ్య; 36 అక్షరముల పొడవున వ్రాయబడును. ఆ సంఖ్య పోయినచో, ఫలితము కోశములో ఉండియు చేతికి రాదు.

ఈ పద్ధతికి పూర్వచరిత్ర కలదు. 1964లో బొంబాయిలోని టాటా ఫండమెంటల్ రిసెర్చి సంస్థయందు సిడిసి 3600 అను పెద్ద కంప్యూటరు నెలకొల్పబడెను. ఆ కాలపు పెద్ద యంత్రములకు పని యిచ్చువారు రంధ్రములు పొడిచిన అట్టల కట్టను అప్పగించి పోయి, తరువాత వచ్చి అచ్చైన కాగితములను తీసికొనెడివారు. ఇచ్చుట ఒక వేళ, పుచ్చుకొనుట మరియొక వేళ. 1976లో డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ అను విద్వాంసులు, ఇంకను సిద్ధము కాని ఫలితమునకు మారుగా చేతికిచ్చు వస్తువునకు ప్రామిస్, అనగా వాగ్దానము, అని పేరిడిరి. 1977లో హెన్రీ బేకర్, కార్ల్ హ్యూయిట్ అనువారు ఫ్యూచర్ అను పేరు వాడిరి. 1996లో ప్రకటితమైన హెచ్‌టీటీపీ 1.0 నియమావళిలో 202 అను జవాబు కలదు. అభ్యర్థన స్వీకృతమైనది, పని మాత్రము ఇంకను ముగియలేదు అని దాని భావము. ఆ పని తప్పక నెరవేరునని ఆ జవాబు మాట యియ్యదు. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది. 2009లో పైథాన్ భాషలో సెలరీ అను టాస్క్ క్యూ వెలువడెను. ఆ యేటనే సాల్వటోరె శాన్‌ఫిలిప్పో రచించిన రెడిస్ అను దత్తనిధియు లోకమునకు వచ్చెను. ఈ రెంటిని జతపరచి వాడుట నేడు మిక్కిలి పరిపాటి. కావున ఈ ప్రసంగమునందలి ఉదాహరణములు ప్రధానముగా సెలరీనుండి గ్రహింపబడినవి.

పని చేయుట ఒక ధర్మము. చేసిన పని ఫలమును నిలుపుట మరియొక ధర్మము. మొదటిదానిని నెరవేర్చిన యంత్రము రెండవదానినికూడ తనంతట నెరవేర్చునని తలచుట పొరపాటు. సెలరీలో ఫలితకోశము ఏదియో ముందుగా నిర్ణయించి చెప్పనిచో, వర్కరు పనిని పూర్తిచేసి ఫలితమును విడిచిపెట్టును. రూబీ భాషలోని సైడ్‌కిక్ అను వ్యవస్థ ఫలితములను దాచుటను అసలే తన విధిగా ఎంచుకొనలేదు. కావలసినవారు తమ దత్తనిధిలో తామే వ్రాసికొనవలెను. ఆర్‌క్యూ అను మరియొక వ్యవస్థ, వేరుగా చెప్పనియెడల, సఫలమైన పని ఫలితమును 500 సెకండ్లు మాత్రమే ఉంచును. విఫలమైన పని వివరమును 1 సంవత్సరము ఉంచును. జయమును త్వరగా మరచి అపజయమును చిరకాలము జ్ఞాపకముంచుకొను ఈ ఏర్పాటు వింతగా తోచినను, అందు లోకజ్ఞానము కలదు. సఫలమైన ఫలితమును అడిగినవాడు వెంటనే తీసికొనిపోవును. విఫలమైన పనికి కారణమును వెదకువాడు ఎప్పుడు వచ్చునో తెలియదు.

కిష్కింధాకాండమును చదివినవారికి ఈ ధర్మములు క్రొత్తవి కావు. సుగ్రీవుడు సీతాన్వేషణమునకు వానరులను నాలుగు దిక్కులకు పంపెను. తూర్పునకు వినతుడు, పడమరకు సుషేణుడు, ఉత్తరమునకు శతబలి, దక్షిణమునకు అంగద హనుమదాదులు ఏగిరి. అందరికిని గడువు ఒక మాసము. మూడు దిక్కులవారు తిరిగివచ్చి సీత కనబడలేదని విన్నవించిరి. కనబడలేదనుటయు ఒక ఫలితమే. ఆ దిక్కులను మరల వెదకనక్కరలేదని దానివలన తెలిసెను. దక్షిణమునకు పోయినవారు గడువు దాటిరి. వారినుండి వార్త లేదు. వార్త లేకుండుటకు సీత కనబడలేదని అర్థము కాదు. వారింకను వెదకుచున్నారనియు నిశ్చయము కాదు. సరిగా ఆ సమయముననే అంగదుడు ప్రాయోపవేశమునకు సిద్ధపడియుండెను. కిష్కింధలో కూర్చున్నవారికి ఆ సంగతి ఏమి తెలియును? కడకు హనుమంతుడు సముద్రము దాటి సీతను చూచి వచ్చెను. వట్టి మాటతో సరిపుచ్చక చూడామణిని తెచ్చి రామునకు సమర్పించెను. పంపినవాడెవరో రాముని ఉంగరము సీతకు తెలిపెను. ఫలితము నిజమని సీత మణి రామునకు తెలిపెను. గడువు, వైఫల్యవార్త, మౌనము, గుర్తు అను నాలుగంశములును ఆ కథలో కలవు. టాస్క్ క్యూను నిర్మించువారికి కావలసినవియు ఆ నాలుగే. అందు మిక్కిలి ప్రమాదకరమైనది మౌనము.

సెలరీలో ఒక సంఖ్యనిచ్చి ఆ పనియొక్క స్థితి యేమని అడిగినచో, పెండింగ్, స్టార్టెడ్, రీట్రై, సక్సెస్, ఫెయిల్యూర్, రివోక్డ్ అను మాటలలో నొకటి బదులుగా వచ్చును. ఇందు పెండింగ్ అను మాట మోసకరమైనది. పని వరుసలో వేచియున్నదని వినువాడు తలచును. వాస్తవమున దానికి, ఈ సంఖ్యను గురించి కోశములో ఏమియు వ్రాయబడియుండలేదని మాత్రమే అర్థము. ఎన్నడును పుట్టని సంఖ్య నొకదానిని కల్పించి అడిగినను పెండింగ్ అనియే జవాబు వచ్చును. పని ముగిసి, గడువు దాటి, ఫలితము తుడిచివేయబడిన తరువాత అడిగినను అదియే జవాబు. వర్కరు పనిని మొదలుపెట్టిన సంగతియు, ప్రత్యేకముగా కోరిననే తప్ప, వ్రాయబడదు. కావున నడుచుచున్న పనికిని అదియే జవాబు.

దీనికి మరియొక సంగతి తోడైనచో కీడు పూర్తియగును. సెలరీ వర్కరు మామూలుగా పనిని మొదలుపెట్టుటకు కొంచెము ముందుగనే బ్రోకరునకు రశీదు పంపును. రశీదు అందగనే బ్రోకరు ఆ పనిని వరుసనుండి తీసివేయును. ఆ పిమ్మట విద్యుత్తు పోయి వర్కరున్న యంత్రమంతయు ఆగినదనుకొనుడు. వరుసలో పని లేదు, కోశములో ఫలితము లేదు, పనిచేసినవాడును లేడు. గ్రంథపాలకుడు మాత్రము సంఖ్యను చేతపట్టుకొని, నేడు అడిగినను రేపు అడిగినను, పెండింగ్ అను మాటయే వినుచుండును. ఎవరును అబద్ధము చెప్పలేదు. ఐనను ఒక మనుష్యుడు రాని ఫలితమునకై ఎదురుచూచుచున్నాడు. పుస్తకమైనచో మరల పంపవచ్చును. అదియే విద్యార్థి చెల్లించిన రుసుమో, వృద్ధునకు అందవలసిన పింఛనో ఐనచో, ఆ మౌనమునకు మూల్యము చెల్లించువాడు యంత్రనిర్మాత కాదు.

దీనికి విరుగుడు పాత లెక్కల పద్ధతిలోనే కలదు. చిట్టా వేరు, ఆవర్జా వేరు. ఏ రోజు వ్యవహారము ఆ రోజున చిట్టాకెక్కును. ఎవరి లెక్క యెంతవరకు వచ్చినదో ఆవర్జా తెలుపును. సెలరీయొక్క ఫలితకోశము చిట్టా వంటిది. ముఖ్యమైన పనులకు దానినే ఆవర్జాగా నమ్ముకొనరాదు. పనిని వరుసలో నుంచుటకు ముందుగనే, తన స్వంత దత్తనిధిలో, సంఖ్య, కోరినవాని పేరు, కోరిన తేది, గడువు, స్థితి అను గళ్లతో ఒక పద్దు వ్రాయవలెను. సంఖ్యను ముందుగా తానే కల్పించి పనితోపాటు పంపుటకు సెలరీ అనుమతించును గనుక ఇది సాధ్యమే. ఆ పద్దు దత్తనిధిలో స్థిరపడిన పిమ్మటనే పనిని వరుసకు పంపవలెను. లేనిచో చురుకైన వర్కరు, పద్దు స్థిరపడకమునుపే పని మొదలుపెట్టి, పద్దు లేదని తెల్లబోవును. పని ముగియగనే వర్కరు ఆ పద్దులో ముగింపు వ్రాయవలెను. గడువు దాటియు ముగింపు లేని పద్దులను నిర్ణీత వేళలయందు వెదకి, మరల పంపుటయో, విఫలమైనదని వ్రాయుటయో చేయు కావలి పని యొకటి ఉండవలెను. పద్దు వ్రాసి వరుసకు పంపుటలో తప్పిపోయిన పనులుకూడ ఈ కావలికి చిక్కును. అప్పుడు "తెలియదు" అను మాటకును "వేచియున్నది" అను మాటకును భేదము నిలుచును.

మరల పంపుటయందు ఒక చిక్కు కలదు. పని ముగిసిన తరువాతనే రశీదు పంపునట్లు వర్కరును అమర్చుకొనవచ్చును. అప్పుడు నడుమ యంత్రము ఆగినను పని పోదు. మరియొక వర్కరు చేతికి వచ్చును. కాని రెడిస్ బ్రోకరుగా నున్నపుడు, మామూలు ఏర్పాటులో 1 గంటలోపల రశీదు రానిచో, ఆ పని మరియొకరికి పంపబడును. మొదటి వర్కరు ఇంకను చేయుచుండగనే రెండవవాడును మొదలుపెట్టును. పుటను రెండుమారులు చదివినచో నష్టము కొంచెమే. సొమ్ము రెండుమారులు చెల్లించినచో నష్టము గొప్పది. కావున ఎన్నిమారులు చేసినను ఒక్కమారు చేసిన ఫలమే కలుగునట్లు పనిని నిర్మింపవలెను. చేయుటకు ముందు పద్దు చూడవలెను. అందు ముగిసినదని యున్నచో, ఆ పాత ఫలితమునే తిరిగి యియ్యవలెను. ఇద్దరు వర్కరులు ఒకేసారి చూచు ప్రమాదము కలదు గనుక, ఒక సంఖ్యకు ఒక్క ముగింపే ఉండునట్లు దత్తనిధియే కట్టడిచేయవలెను.

ఇక ఎక్కడ దాచవలెనను ప్రశ్న. రెడిస్ వేగము గలది. అది ప్రధానముగా యంత్రముయొక్క తాత్కాలిక స్మృతియందు నిలుపును. డిస్కునకు వ్రాయు ఏర్పాటులును కలవు. సెకండుకొకమారు వ్రాయు ఏర్పాటులో, హఠాత్తుగా ఆగినచో సుమారు ఒక సెకండు వ్రాతలు పోవచ్చును. పోస్ట్‌గ్రెస్ వంటి దత్తనిధి అంత వేగము గలది కాకున్నను, ఒకమారు స్థిరపరచితినన్న పద్దును నిలుపుకొనును. ఫలితమును సందేశముగానే త్రిప్పి పంపు మూడవ మార్గమొకటి కలదు. దానిని ఆర్‌పీసీ బ్యాకెండు అందురు. ఇందు ఫలితమును పని పంపినవాడే తీసికొనగలడు, అదియు ఒక్కమారే. నేడొక సర్వరు సంఖ్యనిచ్చి, రేపు వేరొక సర్వరు బదులు చెప్పు వెబ్ వ్యవహారమునకు ఇది తగదు. త్వరగా అడిగి త్వరగా పోవు ఫలితములకు రెడిస్, సాక్ష్యముగా నిలువవలసిన ఫలితములకు దత్తనిధి అని విభజించుకొనుట ఉచితము.

ఎంతకాలము దాచవలెనను ప్రశ్నకును జవాబు పనిని బట్టియే యుండును. సెలరీ మామూలుగా 1 దినము ఉంచును. రెడిస్‌లో గడువు తీరినవి తమంతట తాము తొలగిపోవును. దత్తనిధిలో నున్నవాటిని తుడుచుటకు బీట్ అను వేళాపాలకుడు నడుచుచుండవలెను. నడుచుచున్నచో ప్రతిదినము తెల్లవారుజామున 4 గంటలకు ఆ పని జరుగును. అది నడువనిచోట పద్దులు పెరుగుచునే యుండును. శనివారము మధ్యాహ్నము పుస్తకమును పంపి, ఆదివారము సెలవు గడిపి, సోమవారము ప్రొద్దున ఫలితమడుగు గ్రంథపాలకునకు 1 దినపు గడువు చాలదు. ఆయన వచ్చువేళకు ఫలితము తొలగిపోయి, మరల ఆ పెండింగ్ అను మాటయే మిగిలియుండును. గడువును యంత్రముయొక్క మామూలు ఏర్పాటు నిర్ణయింపరాదు; అడుగువాని వాడుక నిర్ణయింపవలెను.

ఏమి దాచవలెననునది తరువాతి ప్రశ్న. 300 పుటల పాఠమంతటిని తెచ్చి ఫలితకోశములో క్రుక్కరాదు. పాఠమును ఫైళ్ల భాండాగారమున నుంచి, ఏ పుట, ఏ తావున ఉన్నది, ఎట్లు ముగిసినది అను మూడు ముక్కలు మాత్రము కోశములో వ్రాయవలెను. గ్రంథాలయపు పట్టికలో పుస్తకమంతయు వ్రాయబడునా? బీరువా సంఖ్యయే వ్రాయబడును. వ్రాయు రూపము విషయమునను జాగరూకత వలయును. సెలరీ పూర్వము పికిల్ అను రూపమును మామూలుగా వాడెడిది. పరులు మార్చిన పికిల్ దత్తమును విప్పినచో, అందు దాగిన ఆజ్ఞలు నడువగలవు. అందుచేత 2016లో వెలువడిన 4.0 కూర్పునుండి జేసన్ అను నిరపాయ రూపము మామూలు రూపమైనది.

300 పుటలను 300 చిన్న పనులుగా పంచి, అన్నియు ముగిసిన పిమ్మట వాటిని కూర్చు ముగింపు పనిని నడపు ఏర్పాటును సెలరీలో కలదు. దీనికి ఫలితకోశము తప్పనిసరి. చిన్నపనులు తమ ఫలితములను దాచకున్నచో, అన్నియు ముగిసినవని తెలియు మార్గము లేదు. వాటిలో ఒక్కటి విఫలమైనను ముగింపు పని నడువదు. చెదలు తిన్న 117వ పుట యొకటి చదువబడనందున తక్కిన 299 పుటలును గ్రంథముగా కూడకపోవుట న్యాయము కాదు. కావున చిన్నపని అట్టి పుట తగిలినపుడు కూలిపోక, "ఈ పుట చదువుటకు వీలుకాలేదు, కారణమిది" యని ఫలితముగానే చెప్పవలెను. వినత సుషేణ శతబలులు చేసినదదియే.

అడుగు విధమునందును మర్యాద కలదు. అరక్షణమునకొకమారు సర్వరును అడుగుచుండుట ఇరువురకును శ్రమ. మొదట కొంచెము ఆగి, పిమ్మట ఎడమును పెంచుచు అడుగుట మేలు. లేదా పని ముగియగనే సర్వరే కబురు పంపు ఏర్పాటు చేసికొనుట ఇంకను మేలు. ఒక వర్కరు తాను పంపిన చిన్నపనియొక్క ఫలితమునకై పని నడుమ కాచుకొని కూర్చుండరాదు. వర్కరులందరు అట్లు కూర్చున్నచో, ఆ చిన్నపనులను చేయువారే ఉండరు. అందరును ఒకరికై ఒకరు ఆగియుందురు. అందుకే పని లోపల ఫలితమునకై కాచుకొనుటను సెలరీ తప్పుగా ఎంచి ఆపివేయును. అడుగువాడెవడో చూచుటయు అవసరమే. సంఖ్య ఊహింపరానిదే యైనను, అది ఒకరి తెరనుండి మరియొకరి కంట పడవచ్చును. సంఖ్య తెలిసినంతమాత్రమున ఫలితమియ్యక, పద్దులోని పేరును అడుగువాని పేరును సరిచూచి యియ్యవలెను.

మహాశయులారా! యంత్రములు మారును, సెలరీకి బదులు మరియొకటి వచ్చును. కాని పని పుచ్చుకొన్నవారు సంఖ్యనిచ్చునంతకాలము, ఆ సంఖ్య వెనుక ఒక మనుష్యుని నమ్మకముండును. చేసితిననియో, చేయలేకపోతిననియో, లేక ఏమైనదో తెలియలేదనియో అతనికి నిజము చెప్పవలెను. ఆ మూడింటిని ఒకే మాట క్రింద కప్పరాదు. ఈ గ్రామమందలి పాత పుస్తకములు యంత్రముల ద్వారా క్రొత్త పాఠకులను చేరు దినములు వచ్చినపుడు, ఆ పనికి పూనుకొను యువకులు మొదట పద్దు వ్రాసి పిమ్మట పనిని పంపుదురు గాక! ఇరువదియైదేండ్లుగా ఎరవిచ్చిన ప్రతి పుస్తకమునకును పద్దు వ్రాసి, తిరిగి వచ్చినదానిని, రానిదానిని వేరువేరుగా గుర్తించుచు వచ్చిన ఈ గ్రంథాలయము వారికి తగిన పాఠశాల. ఇది స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొని చిరకాలము వర్ధిల్లుగాక!